మసిగుడ్డ నుంచి సంపు దాకా: ఇంట్లో క్రిములు చేరే చోట్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వానలు మొదలైన రెండు వారాలకల్లా మా అపార్ట్‌మెంటులో ఏదో ఒక ఫ్లాటులో పిల్లలకి వాంతులో, పెద్దవాళ్ళకి జ్వరమో రావడం ఏటా ఉన్నదే. నేను చాలా ఏళ్ళు నర్సుగా పనిచేశానని తెలిసి, కింది ఫ్లాటు పిన్నిగారి దగ్గర్నుంచి కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయిల దాకా అందరూ లిఫ్టు దగ్గర ఆపి అడుగుతుంటారు. ఎక్కువమంది అడిగినవి ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను. కింది జవాబుల్లో ఒక మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది, విసుక్కోకండి: క్రిమికి కావాల్సింది తడి. కంపు కొట్టే చోటు కన్నా ఆరని చోటు గురించి ఎక్కువ పట్టించుకోవాలి.

ఇంట్లో క్రిములు ఎక్కువగా ఉండేది బాత్రూంలోనే కదా?

వంటగదిలోనే ఎక్కువ. అమెరికాలో ఎన్.ఎస్.ఎఫ్. అనే సంస్థ 2011లో 22 ఇళ్ళు ఎంచుకుని, ఒక్కో ఇంట్లో 30 వస్తువులను పరీక్ష చేసింది. మలంలో ఉండే ఈ.కోలై లాంటివి చేరే కోలిఫాం జాతి బాక్టీరియా కోసం వెతికితే, అంట్లు తోమే స్పాంజీలు, తుడిచే గుడ్డల్లో 75 శాతం పైగా వాటిలో కనిపించింది. సింకుల్లో 45 శాతం, వంటగట్టు మీద 32 శాతం, కూరగాయలు కోసే చెక్కల మీద 18 శాతం. బాత్రూం కుళాయి పిడి దగ్గరికొచ్చేసరికి 9 శాతమే.

మన వంటిళ్ళు వేరు కావచ్చు, కారణం మాత్రం ఇక్కడా అదే. టాయిలెట్ అంటే మనకి అసహ్యం కాబట్టి యాసిడ్ పోసి రుద్దుతాం. సింకుని ఎవరూ అలా చూడరు. అందులో మెతుకులుంటాయి, తడి ఉంటుంది, మన ఊళ్ళో వేడికి కొదవే లేదు. ఈ మూడూ దొరికితే కొన్ని బాక్టీరియాలు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. రాత్రి పదింటికి ఒక్కటి ఉంటే తెల్లవారి ఆరింటికి, లెక్క ప్రకారం, కోటిన్నర దాటుతాయి. రాత్రి అంట్లు పొద్దున్నకి వదిలేయొద్దని మా అమ్మ ఎందుకు పోరేదో నాకు ఈ లెక్క చదివాక అర్థమైంది.

స్క్రబ్బర్‌ని వేడినీళ్ళలో మరిగిస్తే చాలు కదా?

చాలదు. జర్మనీలో 2017లో వాడిన స్పాంజీలు 14 తీసుకుని చూశారు. కొన్నిచోట్ల ఒక్క ఘన సెంటీమీటరులో 5,000 కోట్ల దాకా బాక్టీరియా ఉన్నాయి. మేం మరిగిస్తాం, మైక్రోవేవ్‌లో పెడతాం అన్నవాళ్ళ స్పాంజీలు కూడా పెద్ద మెరుగ్గా లేవు. మరిగించినప్పుడు చాలావరకు చస్తాయి, కానీ మిగిలినవి మళ్ళీ ఆ చిల్లుల్లోనే పెరుగుతాయి. వాళ్ళు చెప్పిన సలహా వారానికొకటి మార్చమని.

మన ఇళ్ళలో ఆ పసుపు-ఆకుపచ్చ స్క్రబ్బర్ చిరిగి పీలికలయ్యేదాకా ఉంటుంది. వారం వారం మార్చలేకపోతే కొబ్బరి పీచో, స్టీలు పీచో వాడండి. అవి త్వరగా ఆరతాయి. ఏది వాడినా పనయ్యాక గట్టిగా పిండి, నిలబెట్టి పెట్టండి. అంట్ల సబ్బు డబ్బాలో అడుగున నిలిచే ఆ తెల్లటి నీళ్ళలో మాత్రం వదిలేయకండి.

మసిగుడ్డ రోజూ ఉతుకుతున్నాను. ఇంకేం చేయాలి?

ఉతకడం మంచిదే. అసలు ఇబ్బంది ఎక్కడంటే ఒకే గుడ్డ అన్ని పనులూ చేస్తుంది. మా ఇంట్లో ఒకరోజు కూర్చుని గమనించాను. పొద్దున పాలగిన్నె దించింది ఆ గుడ్డతోనే. పాలు పొంగితే స్టవ్ తుడిచిందీ దానితోనే. కూర కలిపి చెయ్యి తుడుచుకున్నారు. చారు కింద ఒలికితే వంగి నేల తుడిచారు, సింకులో ఒకసారి ముంచి పిండారు, మళ్ళీ భుజాన వేసుకున్నారు. పదింటికి మా పాప కంచం తడిగా ఉందని దానితోనే తుడిచి అన్నం పెట్టారు. నేల మీది మురికి కంచంలోకి రావడానికి రెండు గంటలు పట్టలేదు. ఎవరూ తప్పు చేయలేదు, అందరం అలాగే పెరిగాం.

కాబట్టి గుడ్డలు వేరు చేయండి. గిన్నెలు దించడానికి ఒకటి, అది పొడిగానే ఉండాలి. గట్టు తుడవడానికి ఇంకొకటి. చేతులు తుడుచుకోవడానికి మూడోది. నేలకి పడ్డది తిరిగి పైకి రాకూడదు. గుర్తుగా రంగులు వేరేవి పెట్టుకుంటే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. పాత కాటన్ చీర చింపి డజను ముక్కలు చేసుకుంటే రోజుకి రెండు మార్చినా ఇబ్బంది ఉండదు. రాత్రి సబ్బుతో ఉతికి, గిన్నెల స్టాండు మీద ముద్దగా కాకుండా విప్పి ఆరేయండి. వాన ముసురు పట్టిన రోజుల్లో గుడ్డ ఆరకపోతే ఇస్త్రీ పెట్టె ఒకసారి పెట్టండి. ముక్కిపోయిన వాసన వచ్చే గుడ్డని ఆ పూటే తీసేయాలి. ఆ వాసన వచ్చిందంటే అందులో అప్పటికే క్రిములు పెరగడం మొదలైనట్టు.

సింకుకి ఏం చేయాలి?

రాత్రి అంట్లయ్యాక జాలీ ఎత్తి మెతుకులు తీసేసి, అంచులూ కుళాయి మొదలూ సబ్బుతో రుద్ది కడగండి. వేళ్ళకి జిగురు తగిలితే అది బాక్టీరియా తన చుట్టూ కట్టుకున్న పొర. ఊరికే నీళ్ళు పోస్తే అది ఊడదు, రుద్దాల్సిందే. తర్వాత పొడిగుడ్డతో ఒక్కసారి తుడిచేస్తే ఆ రాత్రికి బొద్దింకలకి కూడా నీళ్ళు దొరకవు.

చికెన్ కడగకూడదంటున్నారు. కడగకుండా ఎలా వండుతాం?

ఇది చెప్పగానే అందరూ నన్ను వింతగా చూస్తారు. ఆదివారం పొద్దున్నే షాపు ముందు నిలబడి కొట్టించుకుని తెచ్చిన కోడి మీద రక్తం, ఈకముక్కలు ఉంటాయి, కడగకుండా మనసొప్పదు. నాకూ ఒప్పదు. పచ్చి కోడిమాంసం మీద సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే విరేచనాలు తెప్పించే బాక్టీరియాలు ఉండొచ్చు. కడిగితే అవి పోవు, ఉడికితేనే పోతాయి. కుళాయి ధార కింద పెట్టి కడిగినప్పుడు మాత్రం ఆ నీటి తుంపర్లు పక్కనున్న కొత్తిమీర మీద, తోమి బోర్లించిన గిన్నెల మీద పడతాయి. భయం అక్కడ.

అందుకే కడగాలనుకుంటే లోతైన గిన్నెలో నీళ్ళు పోసి, మాంసం అందులో ముంచి, నెమ్మదిగా చేత్తో కలిపి వంచేయండి. సింకు చుట్టూ ముందే ఖాళీ చేయండి. పసుపు, ఉప్పు రాసినా దోషం లేదు, కానీ అవి క్రిముల్ని చంపేస్తాయని నమ్మి తక్కిన జాగ్రత్తలు మానొద్దు. అయ్యాక సింకు, కుళాయి పిడి, చేతులు సబ్బుతో కడగాలి. పిడిని అందరూ మర్చిపోతారు. మాంసం చేత్తో తిప్పిన కుళాయినే, చెయ్యి కడిగాక మళ్ళీ ముట్టుకుంటాం.

కూరలు కోయడానికి చెక్క మంచిదా, ప్లాస్టిక్ మంచిదా?

రెండూ మంచివే, గాట్లు పడనంతవరకు. కత్తిగాట్లు పడిన ప్లాస్టిక్ పలకని చేత్తో తోమి శుభ్రం చేయడం కష్టమని కాలిఫోర్నియాలో చేసిన పరీక్షల్లో తేలింది. చెక్కలో బాక్టీరియా లోపలికి ఇంకి, అక్కడే చచ్చిపోతుంది. చెక్కని నీళ్ళలో నానబెట్టకూడదు, నిలబెట్టి ఆరనివ్వాలి. మాంసానికి ఒకటి, కూరలకి ఒకటి వేరుగా ఉంటే ఇంకే బెంగా లేదు.

కత్తిపీట వాడేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి చెప్తున్నాను: బ్లేడు పీటలోకి దిగే చోట ఒక సందు ఉంటుంది. చేపల పొలుసు, ఉల్లిపొట్టు అక్కడే ఇరుక్కుంటాయి. పాత టూత్ బ్రష్‌తో ఆ సందు తోమండి. మిక్సీ జారు అడుగున బ్లేడు చుట్టూ, మూతకి ఉండే రబ్బరు లోపల కూడా అంతే. రబ్బరు ఊడదీసి చూస్తే చాలామందికి నల్లటి గీత కనిపిస్తుంది. అది బూజు.

ఫ్రిజ్‌లో పెడితే పాడవదు కదా?

పాడవడం నెమ్మదిస్తుంది, ఆగదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములు బాగా పెరుగుతాయి. వండింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి, ఫ్రిజ్ లోపల 5 డిగ్రీల లోపు ఉండాలి. లిస్టీరియా అనే క్రిమి ఆ చలిలో కూడా పెరుగుతుంది, గర్భిణులకి అది చాలా ప్రమాదం.

మన ఇళ్ళలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది అన్నం. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విత్తనాల్లాంటి రూపంలో ఉడికినా బతుకుతుంది. అన్నం బయట గంటలు గంటలు ఉంటే అది మేల్కొని విషం తయారు చేస్తుంది. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. మధ్యాహ్నం తెచ్చుకున్న బిర్యానీ డబ్బా రాత్రిదాకా డైనింగ్ టేబుల్ మీద ఉంచి, వేడి చేసుకుని తింటే ఏం కాదులే అనుకోవడం సరికాదు. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే రోజుల్లో ఒక గంటకే లోపల పెట్టేయండి. పెద్ద గిన్నెతో పెడితే నడిమధ్య చల్లారడానికి చాలాసేపు పడుతుంది, చిన్న డబ్బాల్లో పలుచగా సర్దండి.

పచ్చి మాంసం ఎప్పుడూ కింది అరలో, మూత ఉన్న డబ్బాలో. పైన పెడితే రసం కారి పెరుగు మీద పడుతుంది. కూరగాయల ట్రే నెలకోసారి బయటికి తీసి కడగండి. కుళ్ళిన టమాటా అడుగున అంటుకుని ఉండటం నేను చూడని ఇల్లు లేదు.

నల్లా నీళ్ళు శుభ్రం చేసే వస్తాయి కదా, మళ్ళీ ఆర్.ఓ. ఎందుకు?

హైదరాబాదుకి నీళ్ళిచ్చే జలమండలి నీళ్ళు శుద్ధి చేసి, క్లోరిన్ కలిపే వదులుతుంది. మంజీరా నీళ్ళయినా, కృష్ణా, గోదావరి నీళ్ళయినా అంతే. నల్లా చివర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలని ప్రమాణం. కష్టం మధ్యలో వస్తుంది. నీళ్ళు రోజంతా రావు కాబట్టి పైపు ఖాళీ అయినప్పుడు ఒత్తిడి తగ్గుతుంది. పగుళ్ళు ఉన్నచోట పక్కనున్న మురుగు లోపలికి లాగుతుంది. అందుకే నీళ్ళు వదిలిన మొదటి కొన్ని నిమిషాలు రంగు, వాసన చూసి, బాగోలేకపోతే సంపులోకి పోనివ్వకండి. రంగు మారిన నీళ్ళు వరసగా వస్తుంటే జలమండలికి ఫిర్యాదు చేయాలి, ఇరుగుపొరుగుకి కూడా చెప్పాలి.

తర్వాత మన సంపు, మన ట్యాంకు. ఆరు నెలలకోసారి కడిగించాలి. సంపు మూత నేలకి సమానంగా ఉంటే వాననీళ్ళు, కారు కడిగిన నీళ్ళు అందులోకే జారతాయి. మూత చుట్టూ జానెడు ఎత్తు గోడ కట్టించడానికి అయ్యే ఖర్చు ఒక టైఫాయిడ్ వైద్యం కన్నా తక్కువ.

ఇక ఆర్.ఓ. సంగతి. మా ఇంట్లో జరిగింది చెప్తాను. మూడు నెలలకోసారి సర్వీసు అబ్బాయి వచ్చి ఫిల్టరు క్యాండిల్ మార్చి వెళ్ళేవాడు. ఒక వానాకాలం మా పాపకి వారంలో రెండుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి. ఏం తిన్నదా అని అన్నీ వెతికాను. చివరికి మెషీన్ మూత నేనే ఊడదీసి, నీళ్ళు నిలవుండే డబ్బాలో చెయ్యి పెట్టాను. గోడలంతా బెండకాయ కోసిన చేతికి తగిలే జిగురు. రెండేళ్ళలో ఎవరూ దాన్ని తెరవలేదు. విరేచనాలు దానివల్లేనని రుజువు చేయలేను, కానీ ఆ నీళ్ళు రెండేళ్ళు నా బిడ్డకి నా చేత్తో పట్టించాను అన్న బాధ ఇంకా పోలేదు.

కారణం తెలుసుకోండి: ఆర్.ఓ.లో ఉండే కార్బన్ ఫిల్టరు క్లోరిన్‌ని తీసేస్తుంది. శుద్ధి అయిన నీళ్ళలో ఇక కాపలా ఉండదు, నిలవుంటే మళ్ళీ పెరుగుతాయి. సర్వీసుకి వచ్చినవాళ్ళని డబ్బా, కుళాయి మూతి కూడా కడగమని ఎదురుగా నిలబడి అడగండి. ఊరెళ్ళి వచ్చాక మొదటి డబ్బా నీళ్ళు పారబోయండి. 20 లీటర్ల క్యాన్లు వాడేవాళ్ళు కింద పెట్టే డిస్పెన్సరు కుళాయిని వారానికోసారి విప్పి తోమాలి. అనుమానం ఉన్న రోజున నీళ్ళు తెర్లకాగాక ఒక నిమిషం మరగనిచ్చి, చల్లారాక తాగితే సరిపోతుంది.

ఫినాయిల్, బ్లీచింగ్, శానిటైజర్: దేనికి ఏది వాడాలి?

ముందు సబ్బుతో కడగడం, తర్వాతే మందు. మురికి మీద పోసిన మందు మురికితోనే ఖర్చయిపోతుంది. రోజువారీ పనికి సబ్బు నీళ్ళే చాలు.

క్రిములు చంపాల్సిన పని పడితే ఇంట్లో చవకైనది ద్రవ బ్లీచు. 5 శాతం బలం ఉన్నదైతే లీటరు నీళ్ళకి 20 మిల్లీలీటర్లు, అంటే నాలుగు టీ చెంచాలు. చన్నీళ్ళలోనే కలపాలి. పూసి 10 నిమిషాలు తడిగా ఉంచితేనే పనిచేస్తుంది, వెంటనే తుడిచేస్తే వృథా. కలిపినది ఆ రోజుకే, మర్నాటికి బలం తగ్గుతుంది. కిటికీలు తెరిచి పెట్టండి.

ఇది అందరూ గట్టిగా గుర్తుపెట్టుకోవాలి: బ్లీచుని, టాయిలెట్ యాసిడ్‌ని కలపకూడదు. కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన బాత్రూంలో ఊపిరాడదు. రెండూ వేస్తే రెట్టింపు శుభ్రం అనుకుని పోసి, దగ్గుతూ ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళని నేను చూశాను. అమోనియా ఉన్న అద్దాల క్లీనరుతో కూడా కలపొద్దు. పండగ ముందు ఇల్లంతా కడిగేటప్పుడు ఈ పొరపాటు జరుగుతుంది. పనావిడకి కూడా విడమరిచి చెప్పండి, సీసాలు వేర్వేరు చోట్ల పెట్టండి. కూల్‌డ్రింక్ సీసాల్లో మాత్రం ఏ మందూ పోసి ఉంచకండి, పిల్లలు తాగేస్తారు.

పసుపు నీళ్ళు, వేపాకు, నిమ్మచెక్క, వంటసోడా సరిపోవా?

నిమ్మచెక్క జిడ్డు, మరక తీస్తుంది. సోడా వాసన తీస్తుంది. రెండూ కలిపితే నురగొచ్చి ఒకదాన్నొకటి చల్లార్చుకుంటాయి. గడపకి పసుపు రాయడం మన ఆచారం, రాసుకుందాం. మాంసం కోసిన చెక్కకి మాత్రం సబ్బే కావాలి.

బాత్రూంలో మరి దేనికి జాగ్రత్త పడాలి?

మగ్గుకి, బకెట్‌కి. బకెట్ లోపలి గోడ మీద వేలితో గీస్తే గీత పడుతోందంటే తోమాల్సిన రోజు దాటిపోయింది. మగ్గుని నేల మీద పెట్టి మళ్ళీ నీళ్ళలో ముంచకండి, బకెట్ అంచుకి తగిలించండి. రాత్రి రెండూ బోర్లించండి.

ఫ్లష్ చేసినప్పుడు కంటికి కనిపించని తుంపర్లు పైకి లేస్తాయని 1975లోనే పరీక్షలు చేసి చూపించారు. కమోడ్ ఎదురుగా టూత్ బ్రష్‌లు తెరిచి పెట్టేవాళ్ళు వాటిని దూరంగా మార్చండి. బ్రష్‌లు పెట్టే గ్లాసు అడుగు కూడా చూడండి. పైన చెప్పిన 2011 పరీక్షలో అలాంటి గ్లాసుల్లో 27 శాతం వాటిలో కోలిఫాం దొరికింది. తువ్వాలు ఒకరిది ఒకరు వాడొద్దు, వాడాక బాల్కనీలో ఆరేయండి.

ఫోన్ కూడా తుడవాలా?

తప్పకుండా. 2011లో బ్రిటన్‌లో చూస్తే ప్రతి ఆరు ఫోన్లలో ఒకదాని మీద ఈ.కోలై ఉంది. బాత్రూంలోకి ఫోన్ తీసుకెళ్ళే అలవాటు మానితే సగం పని అయినట్టే. స్విచ్ ఆఫ్ చేసి, 70 శాతం ఆల్కహాల్‌తో కాస్త తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి. రిమోట్, స్విచ్చులు, తలుపు గొళ్ళెం కూడా అదే గుడ్డతో. బయటి నుంచి రాగానే ముందు చేతులు కడగాలి, తర్వాతే స్విచ్చు, ఫ్రిజ్ తలుపు.

ఇంట్లో ఒకరికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మిగతావాళ్ళకి రాకుండా ఎలా?

వీలైతే ఆ మనిషికి ఒక బాత్రూం విడిగా ఇవ్వండి. వాంతి పడ్డచోట పాత పేపరుతో ఎత్తి, కవరులో కట్టి పారేసి, పైన చెప్పిన బ్లీచు నీళ్ళు పోసి పది నిమిషాలు ఆగి తుడవండి. చేతులకి శానిటైజర్ చాలనుకోవద్దు. వాంతులు తెప్పించే నోరోవైరస్ లాంటి వాటి మీద ఆల్కహాల్ అంతగా పనిచేయదు. సబ్బు, నీళ్ళు, 20 సెకన్లు. పక్కబట్టలు దులపకుండా చుట్టచుట్టి, వేడినీళ్ళలో విడిగా ఉతికి ఎండలో ఆరేయాలి. ఆ మనిషి తగ్గిన తర్వాత కూడా రెండు రోజులు వంటకి దూరంగా ఉండాలి. ఓ.ఆర్.ఎస్. మొదలుపెట్టండి. మలంలో రక్తం పడినా, మూత్రం తగ్గినా, పిల్లలు మందకొడిగా ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

దోమలకి, ఇంటి శుభ్రానికి సంబంధం ఉందా?

మలేరియా దోమల వల్ల వస్తుందన్న ఆధారం దొరికింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో ఆ పరాన్నజీవిని చూశాడు. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి ఆయన పేరే ఉంది. డెంగీ తెచ్చే దోమ ఇంట్లో నిలిచిన మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. కూలరు, పూలకుండీల కింది పళ్ళేలు, ఫ్రిజ్ వెనక నీళ్ళు చేరే ట్రే చూడండి. ఆ ట్రే ఉందనే చాలామందికి తెలీదు. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి వంచేస్తే చాలు. వంచడంతో ఆపకుండా లోపలి గోడలు రుద్దండి, ఎండిపోయినా గుడ్లు నెలల తరబడి అంటుకుని బతికే ఉంటాయి.

మరీ అంత శుభ్రంగా ఉంటే పిల్లలకి రోగనిరోధక శక్తి తగ్గుతుందంటారు?

పిల్లలు మట్టిలో ఆడుకోవాలి, కుక్కపిల్లని ముట్టుకోవాలి. వాటికి నేను అడ్డు చెప్పను. క్రిములన్నీ చెడ్డవి కూడా కావు. మన పెరుగు, ఇడ్లీ పిండి పులిసేది వాటి వల్లే. నేను చెప్పేదల్లా మలం, పచ్చి మాంసం, కుళ్ళిన తిండి నోటిదాకా వచ్చే దారులు మూయమని. అందుకు ఇల్లంతా రోజూ మందు నీళ్ళతో తుడవక్కర్లేదు.

అంట్లు పనావిడ తోముతుంది. ఆవిడకి ఏం చెప్పాలి?

చెప్పేముందు మనం ఏం ఇస్తున్నామో చూసుకోవాలి. ఆవిడ రోజుకి నాలుగైదు ఇళ్ళు తిరుగుతుంది. ఎక్కువ ఇళ్ళలో ఇచ్చేది అరిగిపోయిన స్క్రబ్బర్, అడుగంటిన సబ్బు. మంచి పీచు, చేతికి గ్లవ్స్, రాగానే చేతులు కడుక్కోవడానికి సబ్బు, తుడుచుకోవడానికి ఒక తువ్వాలు పెట్టండి. ఆవిడకి విరేచనాలో జ్వరమో ఉన్నరోజు జీతం కోయకుండా సెలవివ్వండి. జీతం పోతుందన్న భయంతో ఒంట్లో బాగోకపోయినా వచ్చి మన గిన్నెలు తోముతుంది. మా ఇంటికి వచ్చే మనిషికి నేను ఈ మాట చెప్పిన మర్నాడే ఫోన్ చేసింది: "అమ్మా, రెండు రోజులైంది కడుపు బాగోలేదు, మీరు తిడతారని చెప్పలేదు" అని.